కరువు సీమలో నేల, నీటి పరిరక్షణ: చిన్న సంస్థల విలీనం తగదు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం సా.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఆ చెరువును వేయిమంది పనివారితో, వంద బండ్లతో రెండేళ్లలో కట్టించినట్లు అందులో ఉంది. చెరువు కట్టించిన రాజుల శాసనాలు దక్షిణాదిలో కొల్లలుగా దొరుకుతాయి. దీని ప్రత్యేకత వేరు. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఈ శాసనం వరుసగా పేర్కొంటుంది. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, మూడు యోజనాల నుంచి వచ్చే తీపినీటి ఏరు, కట్టను ఆనించడానికి కొండ, దగ్గరలో రాతిగని, పని తెలిసిన మనుషులు అంగాలలో కొన్ని. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక, నీరు కొద్దిగా ఉండి ఆయకట్టు విస్తారం కావడం, నీరు విస్తారంగా ఉండి సాగునేల కొద్దిగా ఉండడం దోషాలు. మరొకటి రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండడం.

ఆరు దోషాలలో అయిదు ఆ చోటి నేలకు, నీటికి, వాలుకు సంబంధించినవి. ఒక్కటే పాలనకు సంబంధించినది. పరిరక్షణ సంస్థలను పెద్ద ప్రాంతీయ సంస్థలుగా కలపాలని వాదించేవారు ఆ ఒక్క దోషాన్ని తమకు సాక్ష్యంగా తెచ్చుకోవచ్చు. పొలిమేరలు చెరిపేస్తే దోషం పోతుంది కదా అనవచ్చు. అయితే పొలిమేర చెరువు చెడిపోవడానికి కారణం గీత కాదు. కట్ట తెగితే మట్టి వేయవలసినవాడు ఎవడో తేలకపోవడం. నాలుగు మండలాల వంకలన్నీ ఒకే కార్యాలయం కిందికి వచ్చినప్పుడు కూడా ఇదే దోషం మరో రూపంలో తిరిగి వస్తుంది. అప్పుడు ఆ చెక్‌డ్యాము అందరిదీ అవుతుంది, ఏ ఊరిదీ కాకుండా పోతుంది.

కర్నూలు, కడప జిల్లాలకు ఈ చర్చ కొత్తది కాదు. 1973-74లో కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం మొదలైన నాటి నుంచి ఇక్కడి నేల, నీటి సంరక్షణ పనులు ఏదో ఒక ప్రత్యేక సంస్థ చేతిలో నడిచాయి. మొదటి రెండు దశాబ్దాలలో పనులు శాఖల వారీగా విడిపోయి, ఎక్కడికక్కడ చెదిరిపోయాయన్న విమర్శ వచ్చింది. దాన్ని సరిదిద్దడానికి ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1994లో నివేదిక ఇచ్చింది. ఆ సిఫారసుల ఆధారంగా 1995 ఏప్రిల్ 1 నుంచి కొత్త మార్గదర్శకాలు అమలయ్యాయి. సుమారు 500 హెక్టార్ల చిన్న పరీవాహక క్షేత్రం ప్రణాళికకు పునాది అయింది. ఊరికి వాటర్‌షెడ్ సంఘం, దానికి ఒక కమిటీ, కమిటీ పేర బ్యాంకు ఖాతా ఏర్పడ్డాయి. రైతులు తమ వాటాగా చెల్లించిన సొమ్ముతో తరువాతి మరమ్మతులకు అభివృద్ధి నిధి కూడబెట్టాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. హెక్టారుకు నాడు కేటాయించిన మొత్తం 4,000 రూపాయలు. ఆ సొమ్ము చిన్నదే కాని, దాన్ని ఎక్కడ ఖర్చు చేయాలో గ్రామసభలో మాట్లాడే అధికారం చిన్నది కాదు.

ఆ తరువాత వచ్చిన మార్పులన్నీ ఒకే దిశలో సాగాయి. 2003లో హరియాలి మార్గదర్శకాలు సంఘాల పనిని పంచాయతీలకు అప్పగించాయి. 2006లో ఉపాధి హామీ పథకం వచ్చాక జిల్లా నీటి యాజమాన్య సంస్థ మీదనే ఆ బృహత్కార్యం పడింది. మస్టర్లు, కూలి చెల్లింపులు, ఫిర్యాదుల నడుమ వాటర్‌షెడ్ అన్నది ఆ కార్యాలయంలో ఒక విభాగంగా మిగిలింది. 2008 ఉమ్మడి మార్గదర్శకాలు చిన్న క్షేత్రాలను గుచ్ఛాలుగా కలిపి, వేల హెక్టార్ల ప్రాజెక్టును ప్రమాణంగా తెచ్చాయి. 2009లో కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం, ఎడారి అభివృద్ధి కార్యక్రమం, సమీకృత బంజరు భూముల కార్యక్రమం మూడూ కలిసి ఒకే సమీకృత పథకమయ్యాయి. 2015లో అది ప్రధానమంత్రి కృషి సించాయి యోజనలో ఒక భాగమైంది. హెక్టారు ఖర్చు 4,000 నుంచి 6,000కు, 12,000కు, రెండో దశలో సాధారణ ప్రాంతాలకు 22,000కు పెరిగింది. పెరిగిన ప్రతిసారీ సంతకం చేసే చేయి ఊరికి కొంత దూరం జరిగింది.

నియమావళి ప్రకారం గ్రామ కమిటీ నేటికీ ఉందన్నది నిజం. కమిటీ పేర ఖాతా ఉండాలన్న నిబంధన కూడా ఉంది. కాని ప్రాజెక్టు నివేదిక గుచ్ఛం మొత్తానికి ఒకేసారి తయారవుతుంది. అంచనాలు, కొలతల పుస్తకం, సాంకేతిక అనుమతి, చెల్లింపు ఉత్తర్వు ఒక్కొక్కటి ఒక్కో మెట్టు పైన ఉంటాయి. కమిటీకి మిగిలేది తీర్మానం మీద సంతకం. దాన్ని విలీనం అని ఎవరూ అనరు. జరిగింది మాత్రం అదే.

ఇది ఈ సీమకు పరిమితమైన ధోరణి కాదు. కెనడాలోని ఒంటారియోలో నదీ పరీవాహక క్షేత్రాల వారీగా పరిరక్షణ అథారిటీలు 1946 చట్టం కింద ఏర్పడ్డాయి. అక్కడి ప్రభుత్వం 36 అథారిటీలను 7 ప్రాంతీయ సంస్థలుగా కలుపుతామని 2025 అక్టోబరు చివర ప్రకటించింది. అనుమతుల్లో జాప్యం, నిబంధనల్లో తేడాలు, ఖర్చు ఆ ప్రకటనకు చెప్పిన కారణాలు. కార్యాలయాల్లో నలిగినవారికి అవి చాలా పరిచితమైన మాటలు. అమెరికా దారి వేరు. 1930 దశకపు ధూళి తుపానుల తరువాత, 1937 నుంచి అక్కడ నేల సంరక్షణ జిల్లాలు ఏర్పడుతూ వచ్చాయి. నేడవి సుమారు మూడు వేలు. నిపుణులు కేంద్ర సంస్థ ఉద్యోగులు, స్థానిక నిర్ణయం మాత్రం ఆ జిల్లా భూయజమానుల నుంచి వచ్చిన పాలకవర్గానిది. నైపుణ్యం పైనుంచి రావచ్చు, నిర్ణయం కింద ఉండవచ్చు అన్నదానికి అది ఎనభై ఏళ్లు దాటిన ఉదాహరణ.

విలీనాన్ని వ్యతిరేకించడానికి అసలు ఆధారం ఈ రెండు జిల్లాల నేలలోనే ఉంది. పాత కర్నూలు జిల్లా పడమర భాగమైన ఆలూరు, పత్తికొండ, దేవనకొండ వైపు అడుగున గ్రానైటు, నైసు శిలలు. ఒకే ఊరి పొలంలో పైభాగాన గరుసుతో కూడిన ఎర్రనేల, దిగువన నల్లరేగడి ఉండడం అక్కడ సాధారణం. ఎర్రమలలు దాటి తూర్పుకు వస్తే కోవెలకుంట్ల, బనగానపల్లె ప్రాంతంలో సున్నపురాయి. ఇంకా తూర్పున నంద్యాల మైదానంలో లోతైన రేగడి, ఆ తరువాత నల్లమల. కడపలో కుందూ, పెన్న పక్కన నల్లనేలలు, రాయచోటి, లక్కిరెడ్డిపల్లె వైపు గుట్టలు, ఇసుకపాలు ఎక్కువైన ఎర్రనేలలు. సగటు వర్షపాతం కర్నూలులో 670, కడపలో 700 మిల్లీమీటర్ల దరిదాపులో ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. ఆలూరు రైతుకు, నల్లమల అంచు రైతుకు ఆ సగటుతో పని లేదు.

గట్ల విషయమే తీసుకొంటే, తేలిక ఎర్రనేలల్లో వాలుకు అడ్డంగా సమతల రేఖ వెంట వేసిన గట్టు నీటిని నిలిపి నేలలోకి ఇంకిస్తుంది. అదే గట్టును లోతైన రేగడిలో వేస్తే నీరు దిగక నిలిచిపోతుంది. గట్టు పక్కన పైరు పచ్చబడి ఎర్రబారుతుంది. ఎండాకాలంలో నేల నెర్రెలు విచ్చినప్పుడు గట్టూ పగులుతుంది, తొలకరిలో ఆ పగులు నుంచే తెగుతుంది. అందువల్ల రేగడిలో స్వల్ప వాలుతో గట్లు వేసి, మిగులు నీరు గడ్డి పెంచిన కాలువ గుండా బయటికి పోయే దారి చూపాలని నేల సంరక్షణ శాస్త్రం చెబుతుంది. ఈ సంగతి ఏ వ్యవసాయ పట్టభద్రుడికైనా తెలుసు. అయినా ఒక గుచ్ఛానికి ఒకే నమూనా అంచనా ఆమోదం పొందినప్పుడు, ఆ నమూనా ఎర్రనేలకూ రేగడికీ ఒకేలా దిగుతుంది. రేగడి రైతు రాత్రికి రాత్రి గట్టు తెగగొడితే అతనికి అవగాహన లేదని నివేదికలో రాస్తారు. ఆ పొలంలో నీరు ఎక్కడ నిలుస్తుందో అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదన్న మాట ఆ నివేదికలో చోటు చేసుకోదు.

ఊటకుంటల సంగతీ ఇంతే. గ్రానైటు ప్రాంతంలో శిథిల శిలాపొర పలచన. కుంటలో ఇంకిన నీటి ఫలితం చాలావరకు దగ్గరి బావుల్లో, బోర్లలో కనిపిస్తుంది. ఎవరికి లాభమో తేలుతుంది కాబట్టి ఎవరు పూడిక తీయాలో కూడా తేల్చవచ్చు. సున్నపురాయి ప్రాంతంలో నీరు ఏ బీట వెంట ఎటు పోతుందో చెప్పడం కష్టం. బెలుం గుహల్లోకి దిగి చూసినవారికి ఈ మాట విడమరచనక్కరలేదు. కొలిమిగుండ్ల పక్కన ఒక కుంట ఎందుకు నిలువదో, దేవనకొండ పక్కన అదే కొలతల కుంట ఎందుకు నిలుస్తుందో ఆ చుట్టుపక్కల బోర్లు తవ్వించుకున్నవారు చెప్పగలరు. వారి మాట అంచనా పత్రంలోకి వచ్చేంత దగ్గరలో నిర్ణయం ఉండాలి.

నేలతో పాటు కాలం లెక్క కూడా ఉంది. 500 హెక్టార్ల క్షేత్రం మీద ఒక రాత్రి 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే రెండున్నర లక్షల ఘనపు మీటర్ల నీరు పడినట్లు. అందులో నూటికి పదిహేను పాళ్లు పారినా 37,500 ఘనపు మీటర్లు ఆ వంక వెంట దిగుతాయి. ఈ సీమలో వంక పారేటంత వానలు ఏడాదికి వేళ్ల మీద లెక్కించదగినవే. ఒక వానకు చెక్‌డ్యాము రెక్కగోడ పక్కన మట్టి కోసుకుపోతే, రెండో వాన వచ్చేలోగా ఆ గండి పూడ్చాలి. పది ట్రాక్టర్ల మట్టి, రాయి, రెండు రోజుల పని. కమిటీ ఖాతాలో సొమ్ము ఉండి, ఖర్చు చేసే అధికారం ఉంటే అది వారంలో ముగుస్తుంది. లేకపోతే ఇంజినీరు వచ్చి చూడాలి, అంచనా పంపాలి, మంజూరు రావాలి. ఆ కాగితం తిరిగి వచ్చేసరికి రెండో వాన కూడా వెళ్లిపోయి, పది ట్రాక్టర్ల పని కొత్త కట్టడం పనిగా మారి ఉంటుంది. కొత్త కట్టడానికి మంజూరు దొరకడం మరమ్మతుకు దొరకడం కన్నా సులువు కావడం ఈ వ్యవస్థలోని పాత వింత.

పూర్వం ఈ పనికి దశబంధం ఇనాములుండేవి. చెరువు కట్టినవారికి లేదా దాన్ని బాగుచేసే బాధ్యత తీసుకొన్నవారికి ఆయకట్టు నుంచి మాన్యం, ఫలసాయంలో భాగం దక్కేది. బ్రిటిషు రెవిన్యూ అధికారులు కడప, కర్నూలు సీమల్లో వీటిని విస్తారంగా నమోదు చేశారు. ఆ ఏర్పాటులో అన్యాయాలు లేకపోలేదు, దాన్ని పునరుద్ధరించమని ఎవరూ అడగనక్కరలేదు. అందులోని ఒక్క సూత్రం మాత్రం గమనించదగినది. మరవ దగ్గర రాయి కదిలితే నష్టపోయేవాడే దాన్ని సరిచేయవలసినవాడు కూడా. మరమ్మతు భారాన్ని ప్రభుత్వం తన మీద వేసుకొన్న తరువాత ఆ రెండు పాత్రలు విడిపోయాయి. 1995 నాటి వాటర్‌షెడ్ కమిటీ, 1997 చట్టం కింద వచ్చిన నీటి వినియోగదారుల సంఘం వాటిని మళ్లీ ఒకచోటికి తేవడానికి చేసిన ప్రయత్నాలే.

విలీనవాదులు చెప్పే కారణాల్లో ఖర్చు తగ్గడం మొదటిది. దానికి పెద్దగా జవాబు అక్కరలేదు. గ్రామ కమిటీ జీతాలు తీసుకొనే కార్యాలయం కాదు, దాన్ని తీసేస్తే మిగిలే సొమ్ము స్వల్పం. దాని స్థానంలో వచ్చే పర్యవేక్షకుడి జీపు ఖర్చే అంతకన్న ఎక్కువ.

నిపుణుల కొరత రెండో కారణం. ఇందులో బలముంది. 500 హెక్టార్లకు ఒక భూగర్భ శాస్త్రవేత్తను, నేల శాస్త్రవేత్తను, పశువైద్యుణ్ణి నియమించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. 2006 నాటి పార్థసారథి కమిటీ పెద్ద ప్రాజెక్టు క్షేత్రాలను, పూర్తికాలపు నిపుణుల బృందాన్ని కోరడానికి ఇదొక కారణం. అయితే నిపుణుణ్ణి పది కమిటీలకు ఉమ్మడిగా ఇవ్వడం ఒక పని, పది కమిటీల అధికారాన్ని నిపుణుడి కార్యాలయానికి బదలాయించడం మరొక పని. మొదటిది చేయడానికి రెండోది చేయనవసరం లేదు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, బనవాసి, యాగంటిపల్లె, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ నేలలను దశాబ్దాలుగా ఎరిగినవి. వాటి శాస్త్రవేత్తలకు కమిటీల సలహా బాధ్యతను, దానికి తగిన ప్రయాణ వ్యయాన్ని నియమావళిలోనే రాసి ఇస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. ఇప్పుడు వారి రాకపోకలు ప్రదర్శన క్షేత్రాల వరకే ఆగుతున్నాయి.

మూడో కారణం అన్నిటికన్న గట్టిది. నీరు ఊరి పొలిమేర దగ్గర ఆగదు. ఎర్రమలల్లో పుట్టిన కుందూ నంద్యాల మైదానం దాటి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. హంద్రీ తుంగభద్ర వైపు పోతుంది. ఒకే పాత కర్నూలు జిల్లా నీరు కొంత కృష్ణకు, కొంత పెన్నకు చేరుతుంది. ఎగువన ప్రతి ఊరూ చెక్‌డ్యాములు కడుతూ పోతే దిగువ చెరువు నిండదు, ఈ తగాదా రాయలసీమలో ఊరూరా ఉన్నదే. 2021 నవంబరు వరదల్లో పింఛ ప్రాజెక్టు కట్ట తెగిన నీరు చెయ్యేరులోకి దూకింది. 19వ తేదీ ఉదయం అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి, దిగువ ఊళ్లలో ప్రాణాలు పోయాయి. ఎగువ సంగతి దిగువకు తెలియవలసిన అవసరాన్ని ఇంతకన్న కఠినంగా చెప్పే ఉదాహరణ ఉండదు. నది మొత్తాన్ని చూసే కన్ను ఒకటి ఉండాలన్న మాటను చిన్న సంస్థల పక్షం వహించేవారు కూడా ఒప్పుకోవలసిందే.

అయితే ఆ కన్ను కోసం కింది చేతులు తీసేయనక్కరలేదని ఈ సీమే ఒకసారి చేసి చూపింది. 2003 నుంచి 2009 వరకు, మొదట నెదర్లాండ్స్ నిధులతోను తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారాను, రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థల ప్రాజెక్టు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు జిల్లాల్లో నడిచింది. కర్నూలు, కడప అందులో ఉన్నాయి. నంద్యాల కేంద్రంగా ఉన్న బర్డ్స్ సంస్థ ఆ పనికి సమన్వయకర్త. ఆరు వందలకు పైబడిన గ్రామాల్లో భూగర్భ జల యాజమాన్య కమిటీలు ఏర్పడ్డాయి. ఊళ్లో వానమాపకం పెట్టారు. ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టాన్ని రైతులే, వారిలో స్త్రీలు కూడా, నిర్ణీత దినాల్లో కొలిచి పుస్తకంలో రాశారు. అంకెలను ఊరి గోడ మీద అందరికీ కనిపించేలా రాశారు. ముంగారు ముగిసి రబీ మొదలయ్యే ముందు, భూమిలో ఉన్న నీరెంత, రైతులు వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని ఊరంతా కూర్చుని లెక్క వేసుకొన్నారు.

ఇక్కడ గమనించవలసింది సంస్థ నిర్మాణం. ఒక వంక పరీవాహక ప్రాంతంలో ఉన్న గ్రామ కమిటీలన్నీ కలిసి పైన ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఊరి లెక్క ఊళ్లోనే ఉంది, వంక మొత్తం లెక్క సమాఖ్యలో తేలింది. సమాఖ్య ఊరి కొలతలను తీసుకొన్నది, ఊరి నిర్ణయాన్ని తీసుకోలేదు. ఎవరి బోరునూ మూయించే అధికారం దానికి లేదు. వరి వేస్తే నీరు చాలదని లెక్కలో తేలినప్పుడు రైతులు తమంతట తాము ఆరుతడి పంటలకు మారిన ఊళ్లు ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు 2010లో ప్రచురించిన భారత భూగర్భ జలాల నివేదిక ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా చర్చించింది. దీని పక్కన 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టాన్ని ఉంచి చూడవచ్చు. కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి అని చట్టం చెప్పింది. ఆ చట్టం వచ్చిన తరువాత కూడా పులివెందుల వైపు చీనీ తోటల్లో, పత్తికొండ వైపు టమోటా మళ్లలో రాత్రింబవళ్లు బోరు బండ్ల మోత ఆగలేదు.

ప్రాజెక్టు ముగిశాక కొలతల పట్టుదల అన్ని ఊళ్లలో ఒకేలా నిలవలేదు. దీన్ని దాచవలసిన పని లేదు. వాటర్‌షెడ్ కమిటీల చరిత్ర కూడా మచ్చ లేనిదేమీ కాదు. కాగితాల మీదే కమిటీలు ఉన్న ఊళ్లున్నాయి. పెద్ద రైతు తన పొలం పక్కనే చెక్‌డ్యాము కట్టించుకొన్న ఊళ్లున్నాయి. వంకలో నీరు వచ్చినా భూమి లేనివారికి పశువుల మేత తప్ప దక్కిందేమీ లేని ఊళ్లున్నాయి, మేత బీడు మూసేయడంతో అది కూడా దక్కనివి ఉన్నాయి. అభివృద్ధి నిధి వాడకుండా బ్యాంకులో పడి ఉండిపోయిన సందర్భాలు కొల్లలు. వీటిని చూపి చిన్న సంస్థలు పనికిరావనడం సులువు. కాని ఆ కమిటీలు ఎప్పుడు కూలిపోయాయో చూడాలి. చాలావరకు ప్రాజెక్టు గడువు తీరిన మరుసటి ఏడాది. నాలుగైదేళ్లు కూలి పనులు చూసిన కమిటీకి అయిదో ఏడు దాటాక చేయవలసిన పని ఏమిటో, ఖర్చు చేయదగిన సొమ్ము ఏదో ఎవరూ రాసి ఇవ్వలేదు. అధికారం లేని సంస్థ నిద్రపోతే, అది చిన్నది కాబట్టి నిద్రపోయిందనడం న్యాయం కాదు. ఇక పెద్దరైతు పెత్తనం విషయం. ఊళ్లో జరిగిన పక్షపాతం ఊరందరికీ తెలుస్తుంది, గ్రామసభలో అడగడానికి ఒక్కడైనా లేస్తాడు. ప్రాంతీయ కార్యాలయంలో పనుల జాబితా ఎలా తయారైందో అడగడానికి ఆ ఒక్కడు కూడా బస్సెక్కి అంత దూరం పోలేడు.

నేల, నీరు దాటి వన్యప్రాణి సంరక్షణలోనూ దూరం ఇలాగే పనిచేస్తుంది. కలివికోడి లోకంలో లేదని దాదాపు ఎనభై ఆరేళ్లపాటు శాస్త్రవేత్తలు భావించారు. 1986లో కడప జిల్లా లంకమల అంచున రెడ్డిపల్లె దగ్గర అది తిరిగి కనిపించింది. దాన్ని పట్టి చూపినవాడు ఆ కలివి పొదల్లో పక్షులు పట్టి బతికిన స్థానికుడు. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చినప్పుడు, అక్కడే ఉండి ఆ పక్షిని వెదుకుతున్నవారి కంటబడింది కాబట్టి విషయం బయటికి వచ్చి, కాలువ దారి మార్చవలసి వచ్చింది. పటంలో ఆ పొదలు బీడు భూమి. కలివికోడికి బీడు, పొద ఒకటి కావని తెలిసినవారు ఆ చోట ఉండబట్టి ఆ సంగతి పటానికి ఎక్కింది.

వాటర్‌షెడ్ పథకం రెండో దశ 2021-22 నుంచి 2025-26 వరకు నిర్దేశించినది. దాని తరువాతి దశకు నియమావళి రాసేటప్పుడు ఈ రెండు జిల్లాల అనుభవం నుంచి తీసుకోదగినవి కొన్ని ఉన్నాయి. గుచ్ఛం ఎంత పెద్దదైనా, వంక స్థాయి కమిటీ దాని కింద ఉపసంఘంగా మిగలరాదు. తన ఖాతా, తన పనుల జాబితా, తన కొలతల పుస్తకం గల స్వతంత్ర సంస్థగా ఉండాలి. మరమ్మతుల కోసం ఏటా కొంత సొమ్ము ముందస్తు అనుమతి లేకుండా ఖర్చు చేసే హక్కు దానికి ఉండాలి, ఆ ఖర్చు మీద సామాజిక తనిఖీ తరువాత జరగవచ్చు. భూమిలేనివారికి, స్త్రీలకు, పశుపోషకులకు కమిటీలో ఉన్న స్థానాలు సంతకాలకే పరిమితం కాకుండా, మేత బీడు, కుంటల్లో చేపల హక్కు వారి చేతికి రావాలి. ఎగువ దిగువ ఊళ్ల తగాదాలు తీర్చడానికి, నిపుణులను పంచుకోవడానికి, వరద సమాచారం వంక నుంచి నదికి, నది నుంచి వంకకు చేరడానికి కమిటీల సమాఖ్య పైన ఉండాలి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య విడి జిల్లాలైన తరువాత కుందూకు, చెయ్యేరుకు ఇటువంటి సమాఖ్యల అవసరం మరింత పెరిగింది. జిల్లా గీత ఎక్కడ పడినా సమాఖ్య నీటి దారినే పోవాలి.

వీటన్నిటిలో తక్షణం చేయదగినది, కొత్త నిధులు అక్కరలేనిది ఒకటుంది. గడువు తీరిన పాత ప్రాజెక్టుల కమిటీల పేర బ్యాంకుల్లో నిలిచిపోయిన అభివృద్ధి నిధులను లెక్క తేల్చి, ఏ ఊరిది ఆ ఊరి కమిటీకి మరమ్మతుల నిమిత్తం తిరిగి తెరవడం. ఆ సొమ్ములో రైతులు తమ వాటాగా కట్టిన రూపాయలున్నాయి. ముంగారు వానలకు ముందే తెరిస్తే, తొలి వానకు ఏ చెక్‌డ్యాము పక్కన మట్టి కోసుకుపోతుందో ఆ ఊళ్లవారికి ఇప్పటికే తెలుసు.